రూర్ బొగ్గు, లొరైన్ ఇనుము

పొరుగు దేశాలు సుంకాలు ఎత్తేసుకుని ఒప్పందాలు ఎందుకు చేసుకుంటాయి? రవాణా ఖర్చు తక్కువ, సరుకు చౌక, మార్కెట్ విశాలం అని అర్థశాస్త్రం చెబుతుంది. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం భయం. పొరుగువాడి బలాన్ని అణచలేనప్పుడు దాన్ని ఉమ్మడి కట్టుబాటులోకి తెచ్చుకోవడం ఒక్కటే దారి. పశ్చిమ ఐరోపా ఈ పాఠం నేర్చుకోవడానికి మూడు యుద్ధాలు పట్టింది.

ఇక్కడ ఉక్కు తయారీకి జర్మనీలోని రూర్ బొగ్గూ కావాలి, ఫ్రాన్స్ సరిహద్దులోని లొరైన్ ఇనుప ఖనిజమూ కావాలి. రెంటి మధ్యా సరిహద్దు. 1871లో లొరైన్‌లో కొంత భాగాన్ని జర్మనీ లాక్కుంది, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్ తిరిగి తీసుకుంది. 1923లో నష్టపరిహారం బకాయిల పేరుతో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్‌ను ఆక్రమించాయి. 1940లో జర్మన్ సేనలు మళ్ళీ ఫ్రాన్స్‌లోకి దిగాయి. గుంజుకున్నది ఎవరికీ నిలవలేదు. అందుకే బొగ్గు, ఉక్కును ఉమ్మడి అధికారం కిందికి తెచ్చేలా ఫ్రాన్స్ అధికారి జాన్ మోనే రూపొందించిన పథకాన్ని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ 1950 మే 9న ప్రకటించారు. మరుసటి ఏడాది పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ సహా ఆరు దేశాలు ఆ ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1953లో బొగ్గు, ఖనిజం, ఉక్కు మీద వాటి మధ్య సుంకాలు చాలావరకు పోయాయి. సరిహద్దు దాటగానే రైలు ఛార్జీని కొత్త ప్రయాణంలా లెక్కగట్టే పద్ధతినీ తర్వాత తీసేశారు.

వ్యాపారం యుద్ధాన్ని ఆపుతుందా, 1914లో బ్రిటన్, జర్మనీ పెద్ద వ్యాపార భాగస్వాములు కావా అని అడగవచ్చు. అవును, కానీ వాటి మధ్య తగువు తీర్చే ఉమ్మడి అధికారం లేదు. ఈ ఆరు దేశాలు లక్సెంబర్గ్‌లో ఒక ఉన్నతాధికార సంస్థనూ, ఒక న్యాయస్థానాన్నీ నెలకొల్పాయి. ఇలాంటి కూటములు బయటి చౌక సరుకును పక్కకు నెడతాయని 1950లోనే ఆర్థికవేత్త జేకబ్ వైనర్ హెచ్చరించాడు. ఆ నష్టం నిజమే. లోపలా నష్టపోయేవారుంటారు. బెల్జియం గనులను ఆదుకోవడానికి జర్మన్, డచ్ బొగ్గు మీద రుసుము వేయడం అందుకే. ఇదంతా అమెరికా సాయం, సోవియట్ భయం చేయించిన పని అనే వాదన కూడా ఉంది. అవే రెండూ ఉన్న బ్రిటన్ మాత్రం బయటే ఉండిపోయింది. సరిహద్దు పక్కనే జర్మన్ ఉక్కు ఉందన్న భయం ఫ్రాన్స్‌ది, బ్రిటన్‌ది కాదు.

ఇక మన ప్రాంతం సంగతి. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006 నుంచి అమల్లో ఉన్నా, దక్షిణాసియా దేశాల మొత్తం వ్యాపారంలో పరస్పరం జరిగేది 5 శాతం దగ్గరే. ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాతే వ్యాపారం అంటాం. కానీ ఐరోపాలో యుద్ధం ముగిసింది 1945 మే 8న. షూమన్ ప్రకటన వచ్చింది సరిగ్గా ఐదేళ్ళ ఒక్క రోజుకి. అప్పటికి నమ్మకం ఎక్కడిది? ఒప్పందం ముందొచ్చింది, నమ్మకం దాని వెనకాల నడిచింది.