రాతినార కథ: తప్పు కొండది కాదు



సీతంపేట నుంచి పార్వతీపురం దాకా మన గూడేల్లో రేకుల ఇళ్లు చాలానే ఉన్నాయి కదా. ఆ బూడిద రంగు పాత సిమెంటు రేకులో కలిసిన నార చెట్టుది కాదు, రాయిది. దాన్నే రాతినార, ఆస్బెస్టాస్ అంటారు. దాని చరిత్రలో ఆదివాసీల కథ కూడా ఉంది.

ఆస్బెస్టాస్ ఒక్క ఖనిజం కాదు, ఆరింటికి కలిపి పెట్టిన వ్యాపార పేరు. క్రైసోటైల్ సర్పెంటైన్ జాతిది. క్రోసిడొలైట్, అమోసైట్, ట్రెమొలైట్, ఆక్టినొలైట్, ఆంథోఫిల్లైట్ అనే మిగతా ఐదూ యాంఫిబోల్ జాతివి. మన తూర్పు కనుమల రాళ్లలో కనిపించే నల్లటి హార్న్‌బ్లెండ్ కూడా యాంఫిబోలే. అలాగని భయపడక్కర్లేదు. అది మామూలుగా పలుకులుగా విరుగుతుంది గానీ నారగా చీలదు. జాతి పేరు చూసి కాదు, రాయి పెరిగిన తీరు చూసి ప్రమాదం చెప్పాలి.

మన రాష్ట్రంలో రాతినార తవ్వింది కడప జిల్లా పులివెందుల, బ్రాహ్మణపల్లి వైపు. సుమారు 188 కోట్ల ఏళ్ల కిందట, మెగ్నీషియం ఉన్న డోలమైట్ పొరల్లోకి కరిగిన రాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి, వేడినీళ్లకి డోలమైట్ మారిపోయి, సన్నని చారలుగా క్రైసోటైల్ పుట్టింది.

ఇంకో చోటు జార్ఖండ్‌లో చైబాసా దగ్గరి రోరో కొండలు. అది హో ఆదివాసీల నేల. 1983లో అక్కడి గని మూసేశారు. కంపెనీ వెళ్లిపోయింది, లక్షల టన్నుల గని చెత్త మాత్రం కొండ మీదే ఉండిపోయింది. వానకి అది కిందికి జారి పొలాల్లోకి వచ్చింది. నార ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడ్డానికి 20, 30, 40 ఏళ్లు కూడా పట్టొచ్చు. అప్పటికి గని ఉండదు, ఓనరూ కనబడడు.

అందుకే 1995లో సుప్రీంకోర్టు, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు దాచాలని యజమానులను ఆదేశించింది. ఆరోగ్యం కార్మికుడి హక్కు అని చెప్పింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. రెండేళ్లకి, 1997లో, అనంతగిరి, బొర్రా గనుల మీద వచ్చిన సమత తీర్పు రాసిందీ ఆయనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని అందులో ఉంది. ఒక తీర్పు ఊపిరిని కాపాడితే, ఇంకోటి కొండని కాపాడింది.

రాతినార గనులకు కొత్త లీజులు 1986లోనే ఆపేశారు. కానీ బయటి దేశాల నుంచి నార దిగుమతి ఆగలేదు. కాబట్టి ఇంట్లో చెప్పండి: పాత రేకు పొడిగా ఉండగా కోయొద్దు, బెజ్జాలు పెట్టొద్దు, ముక్కలు దారుల్లో పరచొద్దు. తీయక తప్పకపోతే నీళ్లతో తడిపి, విరగకుండా దించాలి.

కొండలో కదలకుండా ఉన్న రాయి ఎవర్నీ చంపలేదు. తవ్వి, ధూళి చేసి, వదిలేసి పోయినోళ్లదే తప్పు. రేపు మన కొండకి ఎవరైనా మిషన్లు తెస్తే, "ఏం తవ్వుతారు?" అని మాత్రమే కాదు, "ఏం వదిలేసి పోతారు?" అని కూడా అడగాలి.

జోహార్.