కంపెనీలో భాగస్వామి వాటా మారితే: శంషాబాద్ ఎయిర్‌పోర్టు నేర్పే లెక్క

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీలో ఒకరు తప్పుకుంటానంటే రెండు ప్రశ్నలు వస్తాయి. ఆ వాటా ధర ఎంత? అది ఒకరి చేతికే వెళ్తే మిగతావారి మాటకు విలువ ఉంటుందా?

రెండో ప్రశ్నకు శంషాబాద్ ఎయిర్‌పోర్టు మంచి ఉదాహరణ. 2008 మార్చిలో మొదలైన ఈ ఎయిర్‌పోర్టు కంపెనీలో చాలా కాలం జీఎంఆర్‌కు 63 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11 శాతం వాటా ఉండేది. మలేసియా సంస్థ తన 11 శాతాన్ని 10 కోట్ల డాలర్లకు జీఎంఆర్‌కే అమ్మేందుకు 2023లో ఒప్పందం చేసుకుంది. దాంతో జీఎంఆర్ వాటా 74 శాతానికి చేరింది.

మిగిలిన 26 శాతం ప్రభుత్వ సంస్థలది. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. 26కు మూడు రెట్లంటే 78. అంటే 74 శాతం ఉన్నా, ఆ 26 శాతం కాదంటే కంపెనీ నియమావళిని మార్చలేరు. అదే 25కు తగ్గితే ఈ బ్రేక్ పోతుంది. చిన్న కంపెనీలకూ ఇదే లెక్క.

వాటాలు మార్చే దారులు మూడు:

1. షేర్ల బదిలీ: తప్పుకునే వ్యక్తి మిగతావారికి అమ్మడం. ధరను రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో కట్టించుకుంటే ఇరువైపులా అనుమానం ఉండదు. మిగతావారంతా తమ నిష్పత్తిలో కొనుక్కుంటే బలాబలాలు మారవు.

2. రైట్స్ ఇష్యూ: కొత్త పెట్టుబడి కావాలంటే 62వ సెక్షన్ ప్రకారం పాత వాటాదారులకే వారి నిష్పత్తిలో షేర్లు ఇవ్వజూపాలి. డబ్బు పెట్టలేనివారి శాతం తగ్గిపోతుంది కాబట్టి తగినంత గడువు ఇవ్వడం న్యాయం.

3. బైబ్యాక్: కంపెనీయే షేర్లు కొనడం. 68వ సెక్షన్ ప్రకారం చెల్లించిన మూలధనం, ఫ్రీ రిజర్వుల మొత్తంలో 25 శాతం దాటకూడదు. పెద్ద వాటాకు ఇది చాలకపోవచ్చు.

భాగస్వామి ఇంతెకాల్ అయితే నామినీ పేరు ఉన్నంత మాత్రాన షేర్లు ఆయనవి కావు, వారసత్వ చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. కాబట్టి ధర కట్టే పద్ధతి, డబ్బు గడువు, వారసుల హక్కు అన్నీ అన్నదమ్ముల మధ్యైనా ముందే రాసుకోవాలి. అన్యాయం జరిగిందనుకుంటే, 10 శాతం వాటా ఉన్నవారు హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీకి వెళ్లవచ్చు.