ఓడలతో వచ్చిన పురుగులు

1834 తరువాత కూలి ఒప్పందాలమీద మారిషస్ చేరిన భారతీయులలో మన తెలుగువారిని కోరంగి రేవు పేరుమీద “కోరంగీలు” అని పిలిచేవారు. వారి చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఓడలను, చెరకుతోటలను, రామభజన మందిరాలను తలచుకొంటాము. ఆ సముద్రపు దారినే వచ్చిన పురుగుల మాట ఎవరూ ఎత్తరు. కాని పేదరైతు ఇంట ఆ యేటి కూడూ గుడ్డా చాలవరకు వాటిమీదనే ఆధారపడి ఉండేవి.

1880 తరువాత పెద్ద తోటల యజమానులు భూమిని ముక్కలుగా అమ్మసాగారు. కూడబెట్టిన కూలిడబ్బుతో మనవారనేకులు చిన్నచిన్న చెరకు మడులు సంపాదించుకొన్నారు. 1911లో ఆ చెరకు వేళ్ళను కొరికివేసే తెల్లని వేరుపురుగు బయటపడింది. పైకి కనబడేది ఎండిన దుబ్బు మాత్రమే; శత్రువు మట్టిలో ఉన్నది. రాత్రులు దీపాలు పట్టుకొని దాని పెంకుపురుగులను చేతులతో ఏరించారు. ఎంత ఏరినా తరగలేదు.

ఈ పురుగు పుట్టినిల్లు బార్బడోస్ అని తేలిన తరువాత దారి దొరికింది. అక్కడ దాన్ని అదుపులో ఉంచే ఒక కందిరీగ ఉన్నది. అది మట్టిలో దూరి వేరుపురుగును కుట్టి, దానిమీద గ్రుడ్డు పెడుతుంది. పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది. ఆ కందిరీగను ఓడలో తెచ్చి ఇక్కడ వదిలారు.

“ఎర్బ్ కొందే” అనే కలుపు పొద కథ కూడా ఇటువంటిదే. పొలాలను, బీళ్ళను ఆక్రమించిన ఆ పొదను నరికి నరికి జనం విసిగిపోయారు. 1940ల చివర ట్రినిడాడ్ నుండి ఆకు తినే పెంకుపురుగును, గింజను పాడుచేసే చిన్న కందిరీగను తెచ్చి వదలగా, కొద్ది సంవత్సరాలలోనే ఆ పొద బలం విరిగింది.

ఇక పెరటి సంగతి. బీర, సొర, కాకర పందిళ్ళకు పండుఈగ పాత శత్రువు. లేతకాయకు గుడ్డ చుట్టడం, పుచ్చినకాయను అక్కడే పారవేయక లోతుగా పాతిపెట్టడం నేటికీ మంచి పద్ధతులే. మామిడిని, జామను పట్టే మరొక జాతి పండుఈగ 1996లో మారిషస్‌లో కనిపించింది. మిథైల్ యూజినాల్ అనే వాసనద్రవ్యంతో మగ ఈగలను ఆకర్షించి చంపి, 1999 నాటికి దానిని నిర్మూలించారు. మన తులసిలోనూ ఆ ద్రవ్యం ఉంటుంది. 2013లో ఆ ఈగ మళ్ళీ వచ్చింది. ఒక్క ఇంటివారు రాలినకాయలను నిర్లక్ష్యం చేస్తే వీధంతా నష్టపోతుంది కనుక, ఇది ఇరుగుపొరుగు కలిసి చేయవలసిన పని.

పురుగు ఎక్కడిదో తెలిసిన తరువాతనే దాని మందు తెలిసిందన్నది ఇందులో గమనింపదగిన విషయం. పెరటిలోని మొక్కలకూ పుట్టినిళ్ళున్నాయి. మన పిల్లలు బీరను “పిపెంగాయ్” అనీ, కాకరను “మార్గోజ్” అనీ, మునగాకును “బ్రెద్ మురుం” అనీ ఎరుగుదురు. ఆ క్రియోల్ పేర్లూ మనవే. వాటి ప్రక్కన తెలుగు పేరు కూడా చెప్పి, విత్తనం చేతికిచ్చి, ఈ ఉగాదికి ఒక్క పాదైనా వారిచేత పెట్టించండి.