తప్పు చిత్రాంగి ఒక్కదానిదేనా?

చిత్రాంగి పేరెత్తితే చాలు, కొడవలూరు, కోవూరు వైపు పెన్న కాలువల కింది ఊళ్లలోనైనా, మరెక్కడైనా జనం ఒకే మాటతో తేల్చేస్తారు: సవతి కొడుకు సారంగధరుడి మీద కన్నేసింది, దక్కలేదని అతని కాళ్లూ చేతులూ నరికించింది. సారంగధర నాటకాన్ని అంతటితో వదిలేస్తే అందులోని అసలు విషాదం మనకు అందదు.

కథ పాతదే. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన నవనాథ చరిత్రలోనే సారంగధరుడు ఉన్నాడు. అక్కడ అతనిది మాళవ దేశం, తండ్రి పేరు రాజమహేంద్రుడు. ఆ పేరే కథను గోదావరి ఒడ్డుకు లాక్కొచ్చి ఉండాలి. తర్వాతి కవుల చేతుల్లో ఆ తండ్రి రాజరాజ నరేంద్రుడయ్యాడు, రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట వెలిసింది. చరిత్రలో రాజరాజు కొడుకు రాజేంద్రుడు, 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కినవాడు. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజుకు, కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడన్న, చేయని పాపం ఇలా అంటుకుంది. ఆ భారతాన్ని మన నెల్లూరి తిక్కన కొనసాగించాడు కాబట్టి, ఈ అన్యాయం మనకు మరింత తగలాలి.

బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ కథను 'విషాద సారంగధర'గా రంగస్థలానికి ఎక్కించారు. సంస్కృత నాటక సంప్రదాయం దుఃఖాంతాన్ని ఒప్పుకోదు. జనం చెప్పుకునే కథలో సిద్ధుడొచ్చి నరికిన కాళ్లూ చేతులూ మొలిపిస్తాడు. ధర్మవరం మాత్రం పేరులోనే విషాదం పెట్టి, తెలుగులో తొలి విషాదాంత నాటకకర్తగా నిలిచారు. అది చిన్న సాహసం కాదు. ఆయన సరస వినోదినీ సభ 1891లో మద్రాసులో ఆడిన నాటకాలు చూసే పమ్మల్ సంబంధ ముదలియార్ సుగుణ విలాస సభ పెట్టి, తమిళ రంగస్థలానికి కొత్త దారి వేశారు.

ఇక కథలోకి వద్దాం. చిత్రాంగిని మొదట సారంగధరుడికే అనుకున్నారు. ఆమె పటం చూసి తండ్రి మనసు పారేసుకుని తానే పెళ్లాడాడు. ఒక రోజు రాజు వేటకు వెళ్తాడు. సారంగధరుడు ఎగరేసిన పావురం పోయి పోయి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. వెళ్లొద్దని స్నేహితుడు వారిస్తాడు. పావురమే కదా, అమ్మే కదా అని అతను మెట్లెక్కుతాడు. అతని మనసులో ఏ మచ్చా లేదు, అందుకే జాగ్రత్తా లేదు. పైన ఉన్నది మాత్రం పటంలో చూసిన వరుణ్ణే మొగుడనుకున్న పిల్ల. ఒకరు అమ్మా అని పిలుస్తుంటే, రెండోవారు ఆ పిలుపే వినలేకపోతున్నారు. నాటకం మొత్తానికీ ఈ ఘట్టమే ఆయువుపట్టు. అతను కాదనేసరికి ఆమె రాజు దగ్గర అతని మీదే నింద వేస్తుంది, రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరకమంటాడు.

గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ క్రీ.పూ. 428లో ఆడించిన 'హిప్పోలిటస్'దీ ఇదే ఇరకాటం. అయితే అక్కడ సవతి తల్లి ఫేద్రా ఆ నిందను ఉత్తరంలో రాసిపెట్టి ప్రాణం తీసుకుంటుంది, భర్త ఆమెను మళ్లీ అడగడానికి వీల్లేదు. మన రాజుకు ఆ సాకు కూడా లేదు. నింద వేసిన భార్య ఎదురుగా ఉంది, కొడుకు ఎదురుగా ఉన్నాడు. ఇద్దరినీ నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తే నిజం బయటపడేది. వేయలేదు. కొడుక్కు అనుకున్న పిల్లను తాను తెచ్చుకున్నవాడికి, కొడుకు మీద అనుమానం పుట్టడం ఎంతసేపు? చిత్రాంగి వేసిన నింద ఘోరమే, దానికి క్షమ లేదు. కానీ ఆ నింద నమ్మడానికి రాజు మనసు పెళ్లినాడే సిద్ధమైంది.

స్థానం నరసింహారావు ఆడవేషంలో చిత్రాంగిగా ఎంత పేరు తెచ్చుకున్నారో పాతతరం ఇప్పటికీ చెబుతుంది. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగి, ఎస్.వి.రంగారావు రాజరాజ నరేంద్రుడు. అలాంటి నటులకు ఈ పాత్రలు పడ్డాయంటే అందులో ఒట్టి దుర్మార్గం కంటే లోతైనది ఏదో ఉన్నట్టే.

మన వైపు కుర్రాళ్లెవరైనా ఈ నాటకం మళ్లీ కడితే ఒక్కటే కోరుకుంటాను. నిడివి తగ్గించాలని రాజు పెళ్లి ఘట్టం కోసేసి పావురం దగ్గర మొదలుపెట్టొద్దు. అది తీసేస్తే చిత్రాంగి రాక్షసి అవుతుంది, రాజు మోసపోయిన అమాయకుడవుతాడు. ఆ పెళ్లి పీటల మీద కూర్చున్న పిల్ల ముఖాన్ని ప్రేక్షకులకు ఒక్కసారి తేరిపార చూపించండి.