పద్దెనిమిది నిండిన బిడ్డ ఎటు పోవాలె?

ఈసారి నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు ఒక పాత ముచ్చట కూడా రాస్తున్నాం. తల్లిదండ్రులు లేని బిడ్డల చదువు ఎట్లా సాగుతూ వచ్చిందన్నదే ఆ ముచ్చట.

మన రేగొండ పల్లెల్లో తల్లీతండ్రీ పోతే బిడ్డను అమ్మమ్మో, మేనమామో, చిన్నమ్మో తీసుకపోయేది. దానికి కాగితం లేదు, పేరు లేదు. బువ్వకు లోటు చెయ్యలేదు గానీ, చదువు కాడికి వస్తే సొంత పిల్లల తర్వాతే ఆ బిడ్డ. పత్తి ఏరే రోజులొస్తే ముందుగా బడి మానేది ఆమెనే.

తర్వాత సర్కారు బడులొచ్చాయి. మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టిన పి.వి. నరసింహారావు చొరవతో 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. పేదింటి పిల్లలకు అన్నం, చదువు ఒక్క చోటనే దొరికినయి. 2004లో ఆడపిల్లల కోసం కస్తూర్బా బాలికా విద్యాలయాల పథకం వచ్చింది. మొదట్ల అవి 8వ తరగతి దాకే. 2018 నుంచి ఇంటర్ దాకా పెంచుకునే వీలు కలిగింది. అంటే చదువు మెట్లు పెరిగినయి. కానీ ఆఖరి మెట్టు దిగినంక పిల్ల ఎవరింటికి పోవాలన్నది అట్లనే మిగిలింది.

బాలల చట్టం 1986లో వచ్చింది. హోం విడిచిన పిల్లలను తర్వాత కూడా చూసుకోవాలన్న మాట అందులోనే ఉంది. 2000లో, 2015లో దాన్ని తిరగరాసినారు. 2015 చట్టం 46వ సెక్షన్ ప్రకారం, 18 నిండి హోం నుంచి బయటికొచ్చే బిడ్డకు ఆర్థిక సాయం ఇయ్యవచ్చు. ఈ ఆసరా 21 ఏండ్ల దాకా, తప్పనిసరైతే 23 దాకా. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఇది నెలకు 4,000 రూపాయలు.

ఇంత ఉన్నా మనం ఏం చేసినం? దాచుకోకుండా చెప్పుకుందాం. అసోంటి పిల్ల ఊరికొస్తే "మంచి సంబంధం చూడుండ్రి, బాధ్యత తీరుతది" అన్నది మనమే. ఇంటర్ పాసైన పిల్లను డిగ్రీ గురించి అడగలేదు. టీసీ ఎవరి దగ్గరుంది, బ్యాంకు ఖాతా ఉందా, ఆధార్‌లో ఏ ఊరు రాసి ఉంది, సెలవుల్లో ఎక్కడ పండుకుంటది అని కూడా అడగలేదు. ఫీజు కట్టలేక చదువు ఆగే పిల్లలున్నారు. సెలవుల్లో పోను ఇల్లు లేక ఆగేటోళ్లు కూడా ఉన్నారు.

అందుకే ప్రతి గ్రామ సంఘాన్ని మేము కోరేది ఇది. మీ ఊర్లె అసోంటి బిడ్డ ఉంటే 18 నిండకముందే అంగన్‌వాడీ టీచర్‌ను తీసుకొని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పోండి. తొవ్వ తెలియకపోతే 1098కి ఫోన్ చెయ్యండి. కాగితాలన్నీ ఒక సంచిల పెట్టించండి. పండుగకు ఆ బిడ్డను మీ ఇంటికి పిలవండి.

మనం పది మందిమి కూడి పొదుపు మొదలుపెట్టిననాడు మనకూ జామీను ఇచ్చేటోళ్లు లేరు. ఒకరికొకరం జామీను నిలబడ్డం. ఆ బిడ్డ చదువుకు కూడా అట్లనే నిలబడదాం.