పాంచాలంకురిచ్చి నాటకములందు మన్ననమాటలు, రంగుల పేర్లు

తూత్తుకుడి జిల్లాలోని ఒట్టపిడారమునకు సమీపమున పాంచాలంకురిచ్చి యను గ్రామము కలదు. వీరపాండ్య కట్టబొమ్మనకు ఇది రాజధాని. 1801లో కుంపిణీ సేనలు ఇచ్చటి కోటను రెండవమాఱు పట్టుకొని నేలమట్టము గావించినవి. 1974లో తమిళనాడు ప్రభుత్వము అచ్చట స్మారకముగా నొక క్రొత్త కోటను నిర్మించినది. ఈ ప్రాంతమున కట్టబొమ్మన చరిత్ర కథాగేయముగను, కూత్తుగను, నాటకముగను తరతరములుగా ప్రదర్శింపబడుచు వచ్చినది. వేషధారులు కత్తి, తలపాగ, మీసము మున్నగువానియందు మిక్కిలి శ్రద్ధ వహింతురు. కాని ఆ పాత్రలు ఒకరినొకరు ఏ మాటలతో సంబోధించుకొనవలెను? ఏ రంగును ఏమని పిలువవలెను? ఈ ప్రశ్నలను తలపోయువారు అరుదు. ఈ కథయందు ఇవి అలంకారప్రాయములగు ప్రశ్నలు కావు. 1798 నాటి కలహము ముదురుటకు మర్యాదాభంగమే ఒక ముఖ్యకారణమైనది.

గతకాలమును వేషభాషలతో కన్నులకు గట్టించు విద్య నేడు పెక్కుదేశములందు వ్యాపించియున్నది. జపాను ప్రాచీనతను ప్రదర్శింపగోరువారు ఉడుపులతోపాటు రంగుల పేర్లను, మన్ననభాషను గూడ నేర్వవలసియుందురు. క్రీ.శ. 603లో ఆ దేశపు ఆస్థానమున పండ్రెండు అంతస్తుల పదవులు ఏర్పడెను. తలపై ధరించు పట్టు కుల్లాయిని బట్టియే అధికారి అంతస్తు తెలియుచుండెడిది. ఆ భాషలో 'అఓ' యను ప్రాతమాట నీలమును, ఆకుపచ్చను గూడ దెలుపును. ఎదుటివారిని హెచ్చించు క్రియలు వేఱు, తన్ను తగ్గించుకొను క్రియలు వేఱు. 'ఇరస్షారు' అను గౌరవక్రియ వచ్చుట, పోవుట, ఉండుట అను మూడర్థములకును చెల్లును.

తెలుగువారికి ఇది వింతగా దోపదు. మన 'దయచేయు' వచ్చుటకును, పోవుటకును సరిపోవుచున్నది. ప్రభువు సెలవిచ్చును, సేవకుడు విన్నవించును. ప్రభువు వేంచేయును, ఆరగించును, పవళించును. సేవకుడు వచ్చును, తినును, పరుండును. కాబట్టి పాంచాలంకురిచ్చి కొలువును తెలుగున ప్రదర్శించువారికి మాటల కఱవు లేదు. ఏ మాట ఎవరి నోట ఎప్పుడు పలుకవలెనో తెలియుటయే ముఖ్యము.

కట్టబొమ్మన రాజకంబళపు నాయకర్లలోనివాడు. 'గెట్టిబొమ్ము' అను తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మయ్యెనని ప్రతీతి. ఈ తెగవారి ఇంటిభాష తెలుగు. ఊరిభాష తమిళము. మధుర నాయకరాజ్యమున విశ్వనాథ నాయకుడు, అరియనాథ మొదలియారు ఏర్పఱచిన 72 పాళెముల వ్యవస్థలో ఇట్టి తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఆ విశ్వనాథ నాయకునికి అతని స్థానాపతి పంపిన విన్నపముగా రచింపబడిన 'రాయవాచకము' నాటి తెలుగు వచనమునకు ప్రసిద్ధోదాహరణము. కొలువు మర్యాదలను, విన్నపపు తీరును తెలిసికొనగోరువారికి ఇంతకన్న దగ్గఱి గ్రంథము లేదు.

మన్నన బహువచనమునకును ఒక చరిత్ర కలదు. నన్నయ భారతమున రాజులను సైతము 'నీవు' అనియే సంబోధింతురు. అది అమర్యాద కాదు. కాకతీయుల శాసనములందు 'మహారాజులు' అని ఒక్క రాజునకే బహువచనము వాడబడినది. కృష్ణదేవరాయలు అను పేరులోని 'లు' గూడ అట్టిదే. తరువాతి కాలమున 'మీరు', 'తమరు' అను సంబోధనలు కొలువులందు స్థిరపడెను. మన 'తమరు' తమిళపు 'తాంగళ్' వంటిదే. రెండును 'తాము' అను అర్థమునుండి పుట్టిన మన్ననమాటలే. అందుచే కొలువు దృశ్యమున మంత్రి కట్టబొమ్మనను 'తమరు' అనుట ఉచితము. ఇంటి దృశ్యమున తల్లి కొడుకును, కొడుకు తల్లిని 'నీవు' అనుటయే సహజము. ప్రతి వాక్యము చివర కోస్తా పలుకుబడి యగు 'అండీ'ని తగిలించినచో ఆ మాట కృష్ణాతీరపుదగును గాని కరిసల్ సీమది కానేరదు.

ఇచ్చట 'దొర' యను పదమును ప్రత్యేకముగా పరిశీలింపవలెను. తెలుగున దొర యనగా ప్రభువు. తమిళమున ఇదియే 'దురై' అయ్యెను. కట్టబొమ్మన తమ్ముడగు ఊమైదురై పేరునకు 'మూగదొర' అని యర్థము. కుంపిణీ అధికారులను గూడ జనులు దొరలనియే పిలిచిరి. 1798 సెప్టెంబరులో కలెక్టరు జాక్సను కట్టబొమ్మనను బాకీ కిస్తునకై పిలిపించి, ఊరూర తన వెంట త్రిప్పుకొని, తుదకు రామనాథపురమున దర్శనమిచ్చెను. అచ్చట పాళెగానిని మూడు గంటలు నిలువబెట్టెనని చరిత్రకారులు వ్రాసిరి. దర్శనము కొట్లాటతో ముగిసెను. లెఫ్టినెంటు క్లార్కు మరణించెను. మంత్రి శివసుబ్రహ్మణ్య పిళ్ళ బందీ అయ్యెను. పిమ్మట విచారణ జరిపిన సంఘము ఆ కొట్లాట విషయమున కట్టబొమ్మనయందు దోషము లేదని తేల్చెను. జాక్సను పదవినుండి తొలగింపబడెను.

ఈ దృశ్యమున ఇరువురును దొరలే. ఒకరు కూర్చుండిరి, ఒకరు నిలిచిరి. నటుడు ఆదినుండియు 'నీవు, నీవు' అని గర్జించినచో సన్నివేశము చెడును. 1959 నాటి చలనచిత్రమున శివాజీ గణేశను పలికిన తమిళ సంభాషణలు జనుల చెవులలో నిలిచియున్నందున నటులు తొలిమాటనుండియే గర్జింపజూతురు. మర్యాద తెలిసిన పాళెగాడు మొదట 'దొరవారు' అనియే పలుకవలెను. దుబాసి ఆ మాటను అవతలికి చేర్పవలెను. గంటలు గడచిన కొలది 'మీరు' పోయి 'నీవు' రావలెను. అవమానము ఎంత లోతునకు దిగెనో ఆ ఒక్క మార్పే ప్రేక్షకునికి దెలుపును.

రంగుల విషయమునను ఇట్టి జాగ్రత్త కావలెను. తెలుగున 'పచ్చ' రెండు రంగులకు చెల్లును. పచ్చగడ్డి ఒక వన్నె, పచ్చగన్నేరు పూవు మఱియొక వన్నె. తమిళమున 'పచ్చై' అనగా ఆకురంగే. 'పచ్చ తలపాగ' తెమ్మని చెప్పినచో తమిళ దర్జీ ఆకుపచ్చనిదే తెచ్చును. కావున 'పసుపుపచ్చ' యనియో, 'ఆకుపచ్చ' యనియో స్పష్టపఱుపవలెను. 'నల్ల' యను మాట మనకు రంగు, తమిళునికి 'మంచి'. కోవిల్‌పట్టి చుట్టునున్న నల్లనేలను తమిళుడు మంచినేలగా వినినను ప్రత్తిరైతునకు అభ్యంతరముండదు. ఎఱుపునందు కెంపు, జేగురు, చెంగావి మున్నగు భేదములు ప్రాతవి; వానిని నిస్సంకోచముగ వాడవచ్చును. 'కాకిరంగు' మాత్రము వాడరాదు. ఆ రంగు ఉడుపు 1846లో పెషావరున ఏర్పడిన దళముతో సైన్యమున ప్రవేశించినది. 1799లో పాంచాలంకురిచ్చిపైకి వచ్చిన కుంపిణీ సిపాయిలది ఎఱ్ఱకోటు.

1799 అక్టోబరు 16న కయత్తాఱున బానర్మను పాళెగాండ్ర నందఱిని సమావేశపఱచి కట్టబొమ్మనకు ఉరిశిక్ష విధించెను. పట్టి యిచ్చుటకు పాటుపడిన ఎట్టయాపురపు పాళెగాడును అచ్చట నుండెను. ఆయన ఇంటిభాషయు తెలుగే. కట్టబొమ్మన ఆయనను తిరస్కారముతో చూచెననియు, ఉరికంబమునకు నిబ్బరముగ నడచెననియు బానర్మనే తన లేఖలో వ్రాసెను. ఆ చూపునకు సంభాషణ వ్రాయనక్కఱలేదు. ఈ దృశ్యమున నటుడు మౌనమూనుటయే మేలు.

2006 నాటి చట్టముచే తమిళనాట పాఠశాలలందు తమిళము నిర్బంధ ప్రథమభాష అయినది. నాటినుండి తెలుగు చదువు సన్నగిల్లుచున్నది. ఇంట తెలుగు మాటలాడు బాలురు పెక్కుమంది లిపి నెఱుగరు. 'నీవు' అను మాటను వారు ఇంటనే నేర్తురు. 'తమరు', 'సెలవిచ్చు', 'విన్నవించు' అనునవి ఇంట పుట్టునవి కావు. బడియో, రంగస్థలమో నేర్పవలెను. ఇడైసెవల్ గ్రామపు తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణను కరిసల్ సీమ తమిళ పలుకుబడులకు నిఘంటువు కూర్చెను. అదే నేలపై వాడుకలోనున్న తెలుగు మన్ననమాటలకును, రంగుల పేర్లకును అట్టి పట్టిక యొకటి కావలసియున్నది. ఊరూర వృద్ధుల నోట విని, బాలురచే వ్రాయించి, ఆ మాటలతోనే నాటకము కట్టించినచో పాంచాలంకురిచ్చి చరిత్రకును, దక్షిణపు తెలుగునకును ఏకకాలమున సేవ జరుగును.