పాటకూ పాటకూ నడుమ

నూజివీడు ప్రాంతపు మామిడి తోటలు మాఘ మాసం నాటికి పూతతో నిండిపోతాయి. ఆ రోజులలో తోట రైతుకు రెండే భయాలు: మబ్బు పట్టడం, తేనెమంచు పురుగు దిగడం. పాక చూరుకు వేలాడే ట్రాన్సిస్టరును అతడు పాటల కోసమే తెచ్చుకున్నా, వాతావరణం కబురు వచ్చేసరికి చేతిలో పని ఆపి వినేవాడు.

కొన్ని సంవత్సరాల క్రిందట ఆగిరిపల్లి దారిలోని ఒక తోటకు రైతుల మాటలు రికార్డు చేయడానికి వెళ్ళాను. ఒక పెద్దాయన నన్ను నిలబెట్టి, "ఏమండీ, మీరు రేడియోలో చెప్పిన మందే కొట్టాను. పురుగు పోలేదు సరికదా, పూత మాడింది" అన్నారు. రేడియో ప్రసంగాలలో రసాయనం పేరు చెబుతారే గాని కంపెనీ పెట్టిన పేరు చెప్పరు. విచారించగా తేలినదేమంటే, శాస్త్రజ్ఞుని ప్రసంగం ముగియగానే ఒక మందుల కంపెనీ ప్రకటన వినిపించింది. అది ప్రకటన అని వివరించబోయాను. "మీ రేడియోలోనే గదండీ వచ్చింది" అన్నారాయన. నా వద్ద సమాధానం లేకపోయినది.

ఉచితంగా వినిపించే సాధనం ప్రకటనలపై బ్రతకవలసి వచ్చినప్పుడు వినేవారి ఓర్పుకూ నమ్మకానికీ హద్దు ఎక్కడ గీయాలి? ఈ ప్రశ్న ఇంచుమించు రేడియో అంత పాతది. 1922 ఆగస్టు 28న న్యూయార్కులోని డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. స్టేషను ఒక గృహనిర్మాణ సంస్థ వద్ద సొమ్ము తీసుకొని, నగర శివారులోని వాటాల ఇళ్ళను గురించి సుమారు పది నిమిషాల ఉపన్యాసం వినిపించినది. డబ్బు పుచ్చుకొని ప్రసారం చేసిన తొలి ప్రకటనగా దానిని చెప్పుకుంటారు. బ్రిటను వారు ఆ త్రోవ త్రొక్కక, శ్రోతల వద్దనే లైసెన్సు రుసుము వసూలు చేశారు. మన దేశంలో 1927లో ఆరంభమైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కూడ సంవత్సరానికి పది రూపాయల లైసెన్సును నమ్ముకున్నది. లైసెన్సులు తీసుకున్నవారు మరీ కొద్దిమంది కావడంతో 1930లోనే అది మూతపడినది. తరువాత ప్రభుత్వమే ఆ బాధ్యత వహించినది. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యేనాటికి శ్రోత రుసుము చెల్లించేవాడు. అతని చెవిలో అమ్మకపు కేక పడేది కాదు.

పత్రికల సంగతి వేరు. మన కృష్ణా జిల్లావారే అయిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మకంతో గడించిన ధనంతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. తలనొప్పి మందు ఒక భాషకు పత్రికను ఇచ్చినదంటే అతిశయోక్తి కాదు. అయితే పత్రికలో ప్రకటన ఉన్న పుటను పాఠకుడు త్రిప్పివేయగలడు. రేడియోలో పుట త్రిప్పే వీలు లేదు.

1952 నుండి పదేళ్ళు ప్రసార శాఖను నిర్వహించిన కేస్కర్ గారికి సినిమా పాట గిట్టదు. ఆలిండియా రేడియోలో ఆ పాటలు తగ్గగానే శ్రోతలు సిలోన్ వైపు ముల్లు త్రిప్పారు. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన 'బినాకా గీత్‌మాలా' పేరులోనే పళ్ళపొడి, పళ్ళముద్దల వ్యాపారం ఉన్నది. అయినా అమీన్ సయానీ గొంతు కోసం బుధవారం రాత్రి వీధులలో జనం గుమిగూడేవారు. తరువాతి కాలంలో మీనాక్షి పొన్నుదురై గారు వినిపించిన తెలుగు పాటల కోసం మన ఇళ్ళలోనూ అలాగే చెవులు రిక్కించారు. ప్రకటన ఉన్నదని ఎవరూ రేడియో కట్టివేయలేదు. అది పాటకూ పాటకూ నడుమ వచ్చేది. పాట గొంతు నొక్కేది కాదు. ప్రకటన లేకపోవడం ఒక్కటే శ్రోతను నిలపదని మన ప్రసార శాఖకు బోధపడడానికి అయిదేళ్ళు పట్టినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది, అదీ ప్రకటనలు లేకుండానే. అశోక్ చందా సంఘం సిఫారసు చేసిన పిమ్మట 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూరు కేంద్రాలలో వాణిజ్య ప్రసారాలు మొదలైనవి. క్రమంగా హైదరాబాదు, విజయవాడలకు కూడ వచ్చినవి. ప్రకటన ప్రకటనగా శ్రోతకు స్పష్టంగా తెలియాలని నియమావళి ఏర్పరచారు. మద్యానికి, పొగాకుకు అందులో చోటు లేదు.

1980ల నడుమ రేడియో లైసెన్సు రద్దయినది. ఏటేటా పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టే బాధ తప్పినందుకు అందరం సంతోషించాము. రసీదుతో పాటు, "నేను డబ్బు కట్టాను, ఇదేమిటి?" అని అడిగే హక్కు కూడ పోయినదని అప్పుడు ఎవరికీ తట్టలేదనుకుంటాను. నేడు ఆ రైతు మనుమడు చేతి ఫోనులో ఉచితంగా పాట వింటున్నాడు. చరణం మధ్యలో ప్రకటన దూరుతుంది. ఆగి, కొన్ని క్షణాలు గడిచాక దానిని దాటించే మీట కనిపిస్తుంది. సిలోన్ వారు చేయని పని ఇది.

ఇక పెద్దాయన ఫిర్యాదు. తిరిగి రాగానే, ప్రసంగానికీ ప్రకటనకూ నడుమ ఒక జానపద గేయం ఉంచాలని కోరాను. వ్యాపార విభాగపు మిత్రుడు నవ్వి, "ఆ కంపెనీ వారు కొన్నది ఆ చోటునే గదా" అన్నాడు. నిజమే, శాస్త్రజ్ఞుని మాట వేడి చల్లారకముందే తమ మాట పడాలన్నదే వారి కోరిక. చివరకు గేయం ఉంచారు. మరుసటి ఏడు ఆ కంపెనీ ప్రకటన ఇవ్వలేదు.

పూత కాలంలో పెద్దాయన వద్దనుండి కార్డు వచ్చినది. కృతజ్ఞతలు చెబుతారనుకున్నాను. శాస్త్రజ్ఞుడు చెప్పే రసాయనం పేరు తనకు నోరు తిరగడం లేదనీ, కొట్టుకు వెళ్ళేసరికి మరచిపోతున్నాననీ వ్రాశారు. ప్రకటన వారు పేరును పాటగా పాడితే గుర్తుండేదనీ, రసాయనం పేరును కూడ అలాగే నెమ్మదిగా మూడుసార్లు చెప్పించండనీ కోరారు. ఆ వారం నుండి మూడుసార్లు చెప్పిస్తున్నాము.